సబ్బుతో కడుక్కుని దిగవలెను

సుగుణమ్మ గొంతు గురించి ముందే చెప్పేస్తే ఒక పనైపోతుంది. చీరాల డిపోలో పద్దెనిమిదేళ్ళు కండక్టరుగా చేసి సంపాదించుకున్న గొంతు అది. ఫుట్‌బోర్డు మీద వేలాడేవాణ్ణి లోపలికీ, టిక్కెట్టు ఎగ్గొట్టి కిటికీవైపు తిరిగి నిద్ర నటించేవాణ్ణి ఆ నిద్రలోంచి బయటికీ ఒకే కేకతో లాగగలిగేది. సిడ్నీ వచ్చి తొమ్మిదేళ్ళయినా ఆ గొంతు ఒక్క పిసరు తగ్గలేదు. ద పాండ్స్ అనే పేటలో కూతురు నీరజ ఇంటి పెరట్లో నిలబడి ఆవిడ ఫోన్లో మాట్లాడుతుంటే చీరాల సంగతులన్నీ నాలుగిళ్ళ అవతలివాళ్ళకి కూడా చేరేవి. వాళ్ళకి తెలుగు రాదు కాబట్టి పరువులు దక్కాయి.

భర్త ఆర్టీసీ డ్రైవరు. ఆయన పోయాక ఇంటికొచ్చిన ఉద్యోగం అది. ముప్పై ఒకటో ఏట, పదేళ్ళ పిల్లని పక్కింటివాళ్ళకి అప్పజెప్పి, చీర మీద ఖాకీ చొక్కా తొడుక్కుని బస్సెక్కింది. మొదటి నెలంతా ఏడ్చింది. రెండో నెల నుంచి ఎదుటివాళ్ళని ఏడిపించడం నేర్చుకుంది. ఆ పిల్లే పెద్దదై, చదువుకోడానికి సిడ్నీ వచ్చి, ఇక్కడే ఉద్యోగం, పెళ్ళి, ఇల్లు అన్నీ అమర్చుకుని తల్లిని తెచ్చుకుంది.

తెచ్చుకున్నాక మొదటి రెండేళ్ళు సుగుణమ్మ ఏం చేసిందయ్యా అంటే, ఏమీ చెయ్యలేదు. డిష్‌వాషర్ గిర్రున తిరుగుతుంటే దాని ముందు కూర్చునేది. అల్లుడు పవన్ మంచివాడు. ఎదురైనప్పుడల్లా రెస్ట్ తీసుకోండి అత్తయ్యా అనేవాడు. ఆ మాట వింటేనే ఆవిడకి ఒళ్ళు మంట. చెప్పుల దగ్గర్నుంచి ఫోన్ రీచార్జి దాకా అల్లుడి కార్డు గీకించుకోవడం ఇంకో మంట. చివరికి ఇంటికి పది నిమిషాల దూరంలో ఉన్న ఈతకొలనులో క్లీనర్ కావాలని తెలిసి, చెప్పాపెట్టకుండా వెళ్ళి చేరిపోయింది. నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారమ్మా అని నీరజ గొడవ చేసింది. బస్సులో జనం కక్కుకున్నవి కడిగిన చెయ్యేలేవే ఇది, దీనికి కొత్తగా పోయేదేం లేదు అని తల్లి తేల్చేసింది.

ఇక్కడివాళ్ళంతా దాన్ని పూల్ అంటారు. సుగుణమ్మా పూలే అనేది. పొద్దున ఆరింటికి వెళ్ళి గోడలూ, నేలా, షవర్లూ కడిగేది. కడుగుతూ ఓరకంట చిన్నపిల్లలకి ఈత నేర్పడం చూసేది. నీళ్ళలో ముఖం పెట్టు, బుడగలు వదులు, కాళ్ళు తన్ను. ఇంతేనా, దీనికి ఇన్ని క్లాసులా అనిపించింది. ఒకరోజు పని దిగాక పొడుగు చొక్కా, పాంట్లతో తనే నీళ్ళలో దిగింది. మూడు నెలల్లో ఈ గట్టు నుంచి ఆ గట్టుకి చేరింది. యాభై నాలుగేళ్ళ మనిషి. గట్టు పట్టుకుని రొప్పుతూ, చుట్టూ ఎవరూ లేకపోతే కాసేపు నవ్వుకుంది.

ఆ తర్వాత తెలుగు ఆడవాళ్ళని ఒక్కొక్కరినే లాక్కొచ్చింది. నడుమునొప్పులవాళ్ళు, మోకాళ్ళవాళ్ళు, కోడళ్ళ బాధ పడలేనివాళ్ళు, అత్తల బాధ పడలేనివాళ్ళు. గుంటూరు కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన కాత్యాయనిగారు కూడా వచ్చింది. ఏడాది తిరిగేసరికి పద్నాలుగు మంది తేలారు. ప్రతి ఆదివారం ఎనిమిదింటికి పూల్‌లో ఒక మూల వాళ్ళదే. ఈత తక్కువ, కబుర్లెక్కువ. ఆ సంగతి దాచిపెట్టాల్సిన పనేం లేదు.

ఇదీ సుగుణమ్మ సంసారం. ఇప్పుడు బోర్డు సంగతికి వద్దాం.

పూల్ మేనేజరు క్రెయిగ్. యాభై ఏళ్ళవాడు, నడుమునొప్పివాడు, చెడ్డవాడని చెప్పలేం. సుగుణమ్మ పుట్టినరోజుకి కేకు తెచ్చిపెడతాడు. అతను ఒకరోజు ఒక కాగితం పట్టుకొచ్చి, నీకు తెలుగు రాయడం వచ్చు కదా, ఈ రెండు ముక్కలు మీ భాషలో రాసిపెడతావా, బోర్డు చేయిద్దాం అన్నాడు. నీళ్ళలో దిగేముందు సబ్బుతో కడుక్కోవాలి, తలకి నూనెతో దిగకూడదు, అదీ విషయం.

సుగుణమ్మ పొంగిపోయింది. అంతే, దాచడం దేనికి. ఈ దేశం వచ్చాక నీకేం వచ్చు అని ఆవిణ్ణి ఎవరూ అడగలేదు. ఏ రోజుల్లో రాగలవు అని మాత్రమే అడిగారు. కొత్త మార్కరు కొనుక్కుంది. నాలుగు కాగితాలు పాడుచేసింది. చేతులు బయట పెట్టరాదు, చిల్లర సరిగా ఇవ్వవలెను అన్న రాతల మధ్య పద్దెనిమిదేళ్ళు బతికిన మనిషి కాబట్టి ఆ పద్ధతిలోనే రాసింది: పూల్‌లో దిగుటకు ముందు సబ్బుతో శుభ్రముగా కడుక్కుని దిగవలెను. తలకు నూనెతో నీటిలో దిగరాదు. గుండ్రటి అక్షరాలు, చూడముచ్చటగా వచ్చాయి. ఫోటో తీసి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెడితే దణ్ణాలూ చప్పట్లూ వరసకట్టాయి. తెలుగు సంఘం ప్రెసిడెంటు శివప్రసాద్‌గారైతే, తెలుగుతల్లికి సిడ్నీ నీరాజనం అని పెట్టి కింద ఆరు దీపాలు వెలిగించాడు.

రెండు వారాలకి బోర్డు వచ్చింది. షవర్ల గుమ్మం పక్కన బిగించారు. నీలం రంగు, మనిషెత్తులో సగం. పైన హిందీ, మధ్యలో పంజాబీ, కింద సుగుణమ్మ చేతిరాత. మంగళవారం పొద్దున తుడుపుకర్ర పట్టుకుని దాని ముందు నిలబడి, ముచ్చటగా రెండుసార్లు చదువుకుంది. మూడోసారి చదువుతుంటే ఇంగ్లీషు కోసం వెతికింది. లేదు. గుమ్మానికి రెండోవైపు ఇంగ్లీషు బోర్డు ఒకటుంది. దాని మీద డాల్ఫిను బొమ్మ వేసి, రండి, హాయిగా ఈదండి అని ఉంది. సబ్బు మాట లేదు. మగవాళ్ళ వైపు వెళ్ళి చూసింది. అక్కడా అంతే. దొడ్డి గుమ్మం దగ్గరా, కాంటీన్ దగ్గరా చూసింది. అంటే ఇంగ్లీషు చదివేవాళ్ళు హాయిగా ఈదొచ్చు. తెలుగు చదివేవాళ్ళు కడుక్కోవాలి.

ఆవిడకి ముందు కోపం రాలేదు. సిగ్గేసింది. ఆ రాత తనది. సంబరపడి, ఫోటో తీసి, ఊరందరికీ చూపించుకున్న రాత. అడగాల్సిన ముక్క ఒక్కటే ఉంది, ఇది ఇంగ్లీషులో కూడా పెడతారా అని. అది అడగడం తట్టలేదు. మన చెయ్యి అడిగారు కదా అన్న సంతోషంలో చెయ్యి ఇచ్చేసింది.

పోనీ ఆ పూల్‌లో ఎవరి మురికి ఎంతో ఆవిడకి తెలియకపోతే కదా. ఏడేళ్ళుగా ప్రతి పొద్దునా నీటి అంచున టైళ్ళ మీద తెల్లటి జిడ్డు గీత గీకేది ఆవిడే. అది కొబ్బరినూనె కాదు. ఎండ తగలకుండా ఇక్కడివాళ్ళు ఒంటికి పట్టించుకునే క్రీము. చిన్నపిల్లల పూల్ నీళ్ళు ఎప్పుడూ వెచ్చగా ఎందుకుంటాయో కూడా ఆవిడకి తెలుసు. హీటరు అంత బాగా పనిచెయ్యదు. అయితే ఉన్నమాట చెప్పుకోవాలి. కాత్యాయనిగారి జడలో ఉన్న నూనెతో నాలుగు గారెలు వేయించొచ్చు. మనవాళ్ళలో కడుక్కోకుండా దిగేవాళ్ళు లేరనీ కాదు. వాళ్ళూ ఉన్నారు, వీళ్ళూ ఉన్నారు. బోర్డు మాత్రం ఒకళ్ళకే ఉంది.

ఆ మధ్యాహ్నం క్రెయిగ్ గదికి వెళ్ళి, ఆ మాటే ఇంగ్లీషులో కూడా పెట్టించమని అడిగింది. తియ్యమనలేదు, గుర్తుపెట్టుకోండి. పెట్టమంది. క్రెయిగ్ తల గోక్కుని, మెంబర్ల దగ్గర్నుంచి కంప్లైంట్లు వచ్చాయనీ, అందుకే పై ఆఫీసువాళ్ళు పెట్టమన్నారనీ చెప్పాడు. తర్వాత చాలా మంచిగా, అర్థమయ్యేలా వివరించాడు.

"ఇంగ్లీషు చదివేవాళ్ళకి ఆ సంగతి ముందే తెలుసు కదా, సుగుణా."

అలాగే అనుకుంటున్నాడు పాపం. ఆవిణ్ణి కష్టపెడుతున్నానని అతని ముఖంలో ఎక్కడా లేదు. అరిచేవాడైతే ఆవిడ తిరిగి అరిచేది, ఆ విద్య ఆవిడకి బాగా వచ్చు. ఇలా నవ్వుతూ చెప్పేవాణ్ణి ఏం చెయ్యాలో తెలియక తుడుపుకర్ర తీసుకుని వచ్చేసింది.

శివప్రసాద్‌గారికి చెబితే ఆయన వెంటనే సబ్‌కమిటీ వేశాడు. సబ్‌కమిటీ మూడుసార్లు జూమ్‌లో కూర్చుంది. ఒక ఉత్తరం రాశారు. అందులో మొదటి రెండు పేజీలూ ఆస్ట్రేలియా గొప్పతనం. పూల్ అన్న మాట మూడో పేజీలో వచ్చింది. జవాబు రాలేదు. మనం ఇక్కడ గెస్టులం సుగుణగారూ, పైగా మీ జాబ్ అక్కడే, జాగ్రత్తగా ఉండండి అని ఆయన హితవు చెప్పాడు. ఉగాది ఫంక్షనుకి ఆ పూల్ పక్కన హాలే బుక్ చేసుకోవాలని మాత్రం చెప్పలేదు. అది అందరికీ తెలుసు.

ఆ శనివారం కాత్యాయనిగారింట్లో పద్నాలుగు మందీ చేరారు. ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు. పూల్ మానేద్దామన్నారు కొందరు. మానేస్తే కావలసింది అదే కదా అన్నారు ఇంకొందరు. అప్పుడు సుగుణమ్మ వాళ్ళ నాయనమ్మ సంగతి ఎత్తింది. తెల్లవాళ్ళ పాలనలో చీరాలని మునిసిపాలిటీ చేసి పన్నులు పెంచితే, కట్టం పొమ్మని ఊరు ఊరంతా ఇళ్ళు వదిలేసి బయట పాకలేసుకుంది. నెలల తరబడి అక్కడే. నాయనమ్మకప్పుడు పదకొండేళ్ళు. ఆవిడ ఆ ఉద్యమం గురించి ఎప్పుడు చెప్పినా గొప్పగా చెప్పేది కాదు. అన్నంలో ఇసకపడి పళ్ళరిగిపోయాయనేది.

"వాళ్ళు ఒక్క రాయి ఎయ్యలేదు. చెప్పింది చెప్పినట్టు చేశారంతే. పన్ను కట్టకపోతే ఊళ్ళో ఉండగూడదన్నారు, సరే ఉండం అని పోయారు," అంది సుగుణమ్మ. "మనల్ని ఏం చెయ్యమన్నారు? శుభ్రంగా కడుక్కోమన్నారు. శుభ్రంగా అంటే ఎట్టాగో మనకి తెలుసు గదా."

 ముందు కాత్యాయనిగారికి అర్థమైంది. ఆవిడ లేచి లోపలికి వెళ్ళి సున్నిపిండి డబ్బా తెచ్చి మధ్యలో పెట్టింది.

ఆదివారం ఎనిమిదింటికి పద్నాలుగు మంది ఆడవాళ్ళు తువ్వాళ్ళు, ప్లాస్టిక్ చెంబులు, నువ్వులనూనె సీసాలు, సున్నిపిండి, కుంకుడుకాయ రసం పట్టుకుని పూల్‌కి వచ్చారు. ఆడవాళ్ళ వైపు షవర్లు నాలుగే. బొత్తాం నొక్కితే అరనిమిషం నీళ్ళు వచ్చి ఆగిపోయే రకం. తలంటు అంటే తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. నూనె పట్టించాలి. అది నానాలి. సున్నిపిండితో నలుగు పెట్టాలి. ఆ నలుగు వీపుకి ఇంకొకరు పెట్టాలి. తర్వాత కుంకుడు రసం, అది కళ్ళలో పడడం, శాపనార్థాలు, మళ్ళీ బొత్తాం. మనిషికి ముప్పావుగంట. కాత్యాయనిగారి జడకి గంటంబావు.

వరస గుమ్మం దాటి కారు పార్కుదాకా పోయింది. ఆ వరసలో ఇక్కడివాళ్ళూ ఉన్నారు, రోజూ వచ్చి లెక్కపెట్టుకుని ఈదేవాళ్ళు. సుగుణమ్మ గుమ్మంలో నిలబడి, ఎప్పుడూ లేనంత మెల్లగా, ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి చెప్పింది. మీరు ఇక్కడ నిలబడక్కర్లేదమ్మా, తిన్నగా నీళ్ళలోకి వెళ్ళిపోవచ్చు, ఆ బోర్డు మీకు కాదు. వెటకారం లేదు. దారి చూపించే మర్యాద. విన్నవాళ్ళలో కొందరు సంతోషంగా వెళ్ళిపోయారు. కొందరు రెండడుగులు వేసి ఆగి బోర్డు వంక చూశారు.

బెవ్ అనే ముసలావిడ ఆగింది. డెబ్భై ఎనిమిదేళ్ళు, రోజూ ఇరవైసార్లు ఈ గట్టు నుంచి ఆ గట్టుకి ఈదుతుంది. సుగుణమ్మతో ఏడేళ్ళుగా గుడ్‌మార్నింగ్ మాత్రమే పరిచయం. ఆ బోర్డు మీద ఏముంది అని అడిగింది. సుగుణమ్మ చదివి ఇంగ్లీషులో చెప్పింది. బెవ్ డాల్ఫిను బోర్డు చూసింది, ఇది చూసింది, మళ్ళీ అది చూసింది. తర్వాత సుగుణమ్మ అడగకుండానే ఒక మాట చెప్పింది. చిన్నప్పుడు వాళ్ళది ఎక్కడో లోపల పల్లెటూరు. ఆ ఊళ్ళోనూ ఒక పూల్ ఉండేది. అక్కడి ఆదివాసీ పిల్లల్ని అందులోకి రానిచ్చేవారు కాదట. కంచె బయట నిలబడి చూసేవాళ్ళట.

"నేను లోపల ఉండేదాన్ని. ఈత బాగా నేర్చుకున్నాను. వాళ్ళెందుకు బయట ఉన్నారని ఒక్కరోజూ అడగలేదు," అంది బెవ్. వరస వైపు తిరిగి, "సబ్బుందా నీ దగ్గర?" అంది.

సబ్బు లేదు. సున్నిపిండి ఉంది. బెవ్ వరసలో నిలబడి, తన వంతు వచ్చాక కాత్యాయనిగారి చేత వీపుకి నలుగు పెట్టించుకుంది. కాత్యాయనిగారు ఎవరినైనా ఒకేలా రుద్దుతుంది. బెవ్ ఎర్రగా కందిపోయి బయటికొచ్చి, పెళ్ళినాడు కూడా ఇంత శుభ్రంగా లేనని చెప్పింది. వచ్చే వారం స్నేహితురాళ్ళని తెస్తానంది. తెచ్చింది.

మూడు ఆదివారాలు నడిచింది. మూడోవారానికి నలభై మంది. గొడవ లేదు, నినాదం లేదు, అంతా స్నానమే. దీంట్లో ఒక్కటే లోటు. సున్నిపిండీ, కుంకుడు తొక్కలూ, నూనె, జుట్టూ కలిసి షవర్ల కాలువలో ఉండకట్టేవి. సోమవారం పొద్దున ఆ కాలువ కడగాల్సింది సుగుణమ్మే. మోకాళ్ళ మీద కూర్చుని, మోచేతిదాకా చెయ్యి పెట్టి, తన ఉద్యమాన్ని తనే తోడి బకెట్లో వేసుకునేది. ఇరవై రెండో శతాబ్దంలో ఎవరైనా నా చరిత్ర రాస్తే ఈ ముక్క రాయరు అని తిట్టుకునేది.

నాలుగో వారం మొదట్లో క్రెయిగ్ గదికి పిలిచాడు. బల్ల మీద రెండు కాగితాలున్నాయి. మొదటిది సుగుణమ్మ మూడేళ్ళుగా అడుగుతున్నది, పర్మనెంటు ఉద్యోగం. ఇప్పటిదాకా ఆవిడది వారం వారం రోస్టరులో పేరుంటే పని, లేకపోతే ఇల్లు. ఈ కాగితం వస్తే సెలవులుంటాయి, జబ్బు చేస్తే జీతం ఉంటుంది, చొక్కా మీద పేరు కుట్టిస్తారు. రెండోది కొత్త బోర్డుకి రాయాల్సిన మాటలు. షవరు మూడు నిమిషాలకి మించరాదు, పిండ్లు, గింజలు, నూనెలు తేరాదు. అది తెలుగులో రాసివ్వాలి.

ఇంగ్లీషులో కూడా పెడతావా అని అడిగింది సుగుణమ్మ. ఇంగ్లీషువాళ్ళెవరూ పిండి తేవడంలేదు కదా అన్నాడు. బెవ్ సంగతి అతనికి తెలియదు.

సుగుణమ్మ మొదటి కాగితాన్ని చాలాసేపు చూసింది. ఆవిడకి అది కావాలి. ఎంత కావాలో ఎవరికీ చెప్పుకోలేదు, కూతురికి కూడా. మళ్ళీ డిష్‌వాషర్ ముందు కూర్చోవడం ఆవిడ వల్ల కాదు. పెన్ను కూడా క్రెయిగే తీసి ఇచ్చాడు. ఆవిడ దాన్ని బల్ల మీద పెట్టేసింది.

"ఒకసారి మావాళ్ళ మొహాన నా చేత్తోనే రాశాను క్రెయిగ్. తెలియక రాశాను. ఇప్పుడు తెలుసు," అంది.

ఇది ఉద్యోగంలో భాగమే అన్నాడతను, ఇబ్బందిగా.

"నా ఉద్యోగం నేల తుడవడం. ఎంతసేపైనా తుడుస్తాను. రాయను."

ఇక్కడ ఎవరినీ ఉద్యోగంలోంచి తీసెయ్యరు. రోస్టరు వస్తుంది, అందులో పేరుండదు. ఆ వారం లేదు. పై వారమూ లేదు. నీరజ ముందు తిట్టింది, ఎందుకమ్మా నీకివన్నీ అని. తర్వాత తల్లి పొద్దున్నే ఐదింటికి లేచి, పూల్ చొక్కా వేసుకుని, మళ్ళీ విప్పి మడతపెట్టడం చూసి బాత్రూములోకి వెళ్ళి ఏడ్చింది. సుగుణమ్మకి బాధగానే ఉంది. తప్పు చేశానేమో అని కూడా అనిపించింది. రోజుకి రెండుసార్లు, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి.

ఈలోగా క్రెయిగ్ తెలుగు రాసేవాళ్ళ కోసం బయల్దేరాడు. చుట్టుపక్కల ఏ వీధిలో రాయి విసిరినా తెలుగువాడికి తగులుతుంది, అతనికి కష్టమేముంది అనుకుంటాం. కాత్యాయనిగారిని అడిగాడు. ముప్పై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పిన మనిషి, నాకు మాట్లాడ్డమే వచ్చు నాయనా, రాయడం రాదు అంది. ఆ పద్నాలుగు మందిలో మిగతావాళ్ళెవరికీ రాదు. వాళ్ళ మొగుళ్ళకీ రాదు. పక్కపేట కెల్లీవిల్ నుంచి వచ్చే సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళకి అసలే రాదు, వాళ్ళలో కొందరి విషయంలో అది నిజం కూడా. పంజాబీ రాసిచ్చిన సెక్యూరిటీ ఆయనకి ఆ వారమే చెయ్యి బెణికింది.

చివరికి క్రెయిగ్ శివప్రసాద్‌గారికి ఫోన్ చేసి పిలిపించాడు. హాలు బుకింగు సంగతి కూడా మాట్లాడదాం రండి అన్నాడు. శివప్రసాద్‌గారు కోటేసుకుని వెళ్ళాడు. సంఘం సంచికలో ఏటా మూడు పద్యాలు అచ్చేసుకునే మనిషి. కాగితం అందుకుని, కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. కళ్ళజోడు తీశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. ఆయన భయస్థుడు, ఆ సంగతి ఆయనకీ తెలుసు.  సారీ, నాకు తెలుగు రాదండీ అన్నాడు.

మీరు తెలుగు సంఘం ప్రెసిడెంటు కదా అన్నాడు క్రెయిగ్.

"అందుకే నన్ను ప్రెసిడెంట్‌ని చేశారు," అన్నాడు శివప్రసాద్‌గారు.

హాలు పోయింది. ఆ ఏడు ఉగాది ఎవరిదో గరాజులో చేసుకున్నారు. ఆ ముక్క మాత్రం శివప్రసాద్‌గారు చచ్చేదాకా చెప్పుకుంటాడు. చెప్పుకోనివ్వండి, దాని మీద ఆయనకి హక్కుంది.

మనుషులు రాయకపోతే మిషనుంది కదా. క్రెయిగ్ ఫోన్లో ఇంగ్లీషు కొట్టి, అది ఇచ్చిన తెలుగుని అచ్చేయించి, పాత బోర్డు మీదే అతికించాడు. పాత సబ్బు మాట, కొత్త పిండి మాట రెండూ అందులోనే. ఇంగ్లీషు ఈసారీ లేదు.

ఆదివారం పద్నాలుగు మందీ చెంబులు ఇంట్లో పెట్టేసి వచ్చారు. షవర్ల వైపు కాకుండా కౌంటరు ముందు వరసకట్టారు. ముందు సుగుణమ్మ. స్టాఫ్ కార్డు పనిచెయ్యడంలేదు కాబట్టి ఆవిడా టిక్కెట్టు కొనాలి. వాళ్ళ వెనక బెవ్, ఆవిడ వెనక ఇంకా చాలామంది. కౌంటరులో ఉన్న అమ్మాయిని సుగుణమ్మ ఒక్క సాయం అడిగింది. ఆ బోర్డు మీద ఏముందో కాస్త చదివి చెప్పమ్మా, మాకెవరికీ తెలుగు చదవడం రాదు. ఆ పిల్ల తెల్లముఖం వేసి లోపలికెళ్ళి క్రెయిగ్‌ని తీసుకొచ్చింది.

"అందులో ఏముందో నీకు తెలుసు కదా సుగుణా," అన్నాడు క్రెయిగ్.

"నేను రాసిందైతే తెలుసు. ఇది మిషను రాసింది. నువ్వు చెప్పు, అట్టాగే చేస్తాం."

క్రెయిగ్ వరస వంక చూశాడు. సరే, అంటే, పూల్‌లో దిగేముందు, అని మొదలుపెట్టాడు. ఆగాడు. ఎదురుగా సుగుణమ్మ ముఖం ఉంది. ఏడేళ్ళుగా ఆ భవనంలో ప్రతి టైలూ కడిగిన మనిషి, పొద్దున్నే తలారా పోసుకుని, బొట్టు పెట్టుకుని, ఇస్త్రీ చీరలో నిలబడి అతను చెప్పబోయేదాని కోసం మర్యాదగా చూస్తోంది. మళ్ళీ మొదలుపెట్టాడు. అందరూ దయచేసి, అన్నాడు. ఆ మాట దగ్గర ఇంకా గట్టిగా ఆగిపోయాడు, ఎందుకంటే అందరూ అని బోర్డు మీద లేదు. చెవులు ఎర్రబడ్డాయి. మెడ ఎర్రబడింది. సుగుణమ్మకి జాలేసింది, అతను కేకు తెచ్చిపెట్టిన మనిషే. అయినా మాట అందించలేదు. వెనకాల ఎవరో దగ్గారు.

"లోపలికి వెళ్ళండి," అన్నాడు చివరికి, బల్ల వైపు చూస్తూ.

"కడుక్కోకుండానేనా?" అంది సుగుణమ్మ.

క్రెయిగ్ వెనక గదిలోకి వెళ్ళి స్క్రూడ్రైవరు పట్టుకుని వచ్చాడు. వరసలో ఉన్నవాళ్ళంతా తప్పుకుని దారిచ్చారు. బోర్డు బరువు, అతని నడుము సంగతి సుగుణమ్మకి తెలుసు. వెళ్ళి రెండోవైపు పట్టుకుంది. స్క్రూలు ఒక్కొక్కటే వచ్చాయి, ఆఖరిది తుప్పుపట్టి సతాయించింది. దాన్ని తిప్పుతూనే, రేపు ఆరింటికి రాగలవా అని అడిగాడు క్రెయిగ్. వస్తానంది. పర్మనెంటు కాగితం మాట అతనూ ఎత్తలేదు, ఆవిడా ఎత్తలేదు.

బోర్డు దింపి గోడకి ఆనించాక, నాలుగు కన్నాలున్న ఖాళీ గోడని చూస్తూ, ఇక్కడిప్పుడు ఏం పెట్టాలి అన్నాడతను. నిజంగానే తెలియక అడిగాడు.

"ఏదైనా పెట్టు. ముందు ఇంగ్లీషులో రాయి," అంది సుగుణమ్మ. "రాసి, నీ మొహానే ఎవరో అన్నట్టు పైకి చదువుకో. కోపం రాకపోతే అప్పుడు నా దగ్గరికి తీసుకురా, తెలుగులో రాసిస్తాను."

అని చెప్పి, తువ్వాలు భుజాన వేసుకుని, షవర్ల వైపు వెళ్ళింది.